బోర్డు తిరగేసి చూడండి, చేసినవాళ్ల పేరు అక్కడే ఉంటుంది

సంపాదకులకు నమస్కారం.

పోయిన ఆదివారం మీ అనుబంధంలో సముద్రాన్ని గోడ మీదికి తెచ్చే కళాకృతుల గురించి రెండు పేజీల వ్యాసం వేశారు కదా, రెసిన్‌తో (పోశాక గాజులా గట్టిపడే ద్రవం) పోసిన అలలు, గవ్వలు పొదిగిన పళ్లేలు, తెల్ల గోడకు ఆనించిన, సముద్రపు అలల మీద జారడానికి వాడే ఒక చెక్క సర్ఫ్‌బోర్డు, అన్నీ రంగుల్లో. ఆ బోర్డు ఫొటో చూడగానే నాకు ప్రాణం లేచొచ్చింది. పదకొండేళ్లుగా నేను చేస్తున్న పని ఇదే. చెక్కతో చిన్నవీ పెద్దవీ బోర్డులు చేస్తాను, అలల బొమ్మలు వేస్తాను, మిగిలిపోయిన రెసిన్‌తో లాకెట్లు చేస్తాను. మా పనికి ఒక తెలుగు పేపర్లో ఇంత చోటు దొరకడం నేను చూడటం ఇదే మొదటిసారి, అందుకు ముందుగా మనస్ఫూర్తిగా థాంక్స్.

కానీ రెండు విషయాలు ముల్లులా గుచ్చుకుని మూడు రోజులుగా వదల్లేదు. ఒకటి, ఆ బోర్డు ఫొటో కింద గదిని అలంకరించినవారి పేరు ఉంది, ఫొటో తీసినవారి పేరు ఉంది, బోర్డు చేసినవారి పేరు మాత్రం లేదు. రెండోది, రెసిన్ డబ్బా ఒకటి, నాలుగు రంగులు ఉంటే చాలు, ఒక్క మధ్యాహ్నంలో సముద్రం మీ సొంతం అని రాశారు, దాని పక్కన వేసిన ఫొటోలో రెసిన్ కలుపుతున్న చేతులకు గ్లౌజులు లేవు, బల్లకు ఆనుకుని ఒక చిన్నపిల్ల తొంగి చూస్తోంది. ఈ రెండూ వేర్వేరు తప్పుల్లా కనిపిస్తాయి గానీ నాకు రెండూ ఒకటే అనిపించాయి. వస్తువు కనిపించింది, దాన్ని చేసిన చేతులు మీకు కనిపించలేదు.

పేరు సంగతి ముందు చెప్తాను. బోర్డును చెక్కి రూపం ఇచ్చేవాళ్లను ఈ పనిలో షేపర్ అంటారు. ఫోమ్‌తో చేసే బోర్డులో దిమ్మ మధ్యన తల నుంచి తోక దాకా ఒక సన్నటి చెక్క పట్టీ ఉంటుంది, దాన్ని స్ట్రింగర్ అంటారు, బోర్డుకు అది వెన్నెముక. చెక్కడం అంతా అయ్యాక, చివరి దుమ్ము దులిపాక, షేపర్ ఒక మామూలు పెన్సిలు తీసుకుని ఆ పట్టీ పక్కన రాస్తారు. పొడవు 6 అడుగుల 2 అంగుళాలు, వెడల్పు 19న్నర, మందం 2 పావు, ఎవరి కోసం చేశారో వాళ్ల పేరు, చివర తన పేరు. ఆ తర్వాత దాని మీద ఫైబర్‌గ్లాస్ గుడ్డ పరిచి రెసిన్ పోస్తారు. తెల్లగా ఉన్న గుడ్డ రెసిన్ తడి తగలగానే కళ్ల ముందే అద్దంలా మారిపోతుంది, కింద పెన్సిలు అక్షరాలు మళ్లీ తేలతాయి. ఇక వాటిని చెరపడం ఎవరి వల్లా కాదు, చెరపాలంటే బోర్డునే చెక్కేయాలి. ఇరవై ముప్పై ఏళ్లు ఎండలో, ఉప్పు నీళ్లలో నలిగి పసుపు రంగుకు తిరిగిన బోర్డుల మీద కూడా ఆ పెన్సిలు రాత చెక్కుచెదరకుండా ఉండటం నేను చాలాసార్లు చూశాను. చెక్క బోర్డులు చేసేవాళ్లు కొందరు పెన్సిలుకు బదులు కాల్చిన ఇనుప ముక్కతో ముద్ర వేస్తారు. చేత్తో చేసిన చాలా బోర్డులకు ఏదో ఒక రూపంలో పేరు ఉంటుంది. మీ ఫొటోలో బోర్డు పైవైపు మాత్రమే కనిపిస్తోంది, రాత అడుగు వైపు ఉండి ఉంటుంది.

పేరుకు ఇంత పట్టుదల ఎందుకంటారేమో. ఈ పనిలో పేర్లు పోయిన చరిత్ర చాలా పెద్దది కాబట్టి. హవాయి దీవుల్లో బోర్డు చేయడం అంటే చెట్టు దగ్గరే మొదలయ్యేది. కోవా చెట్టునో, తేలికైన విలివిలి చెట్టునో ఎంచుకుని, కొట్టే ముందు దాని మొదట్లో కుము అనే ఎర్ర చేపను పెట్టి, చెట్టు కూలాక వేరు దగ్గర తవ్విన గుంతలో ఆ చేపను ఉంచి ప్రార్థన చేసేవారని పాత రాతల్లో ఉంది. ఇనుము లేని రోజుల్లో రాతి బాడిసెతో చెక్కేవారు. పగడపు రాయితో రుద్ది నున్నగా చేసేవారు, మసితోనో వేళ్ల రసంతోనో నల్లరంగు పట్టించి, కుకుయి గింజల నూనె రాసేవారు. మామూలు జనానికి అలాయా అనే పలచటి బోర్డు, రాజవంశీకులకు ఓలో అనే పొడవాటి బోర్డు. పాకీ అనే హవాయి రాజవంశీకుడు వాడిన ఓలో బోర్డులు హొనొలులులోని బిషప్ మ్యూజియంలో ఇప్పటికీ ఉన్నాయి, 14 అడుగులు దాటిన పొడవు, మోయలేని బరువు. ఆయన 1855లో చనిపోయారు, బోర్డులకు ఆయన పేరు మిగిలింది. వాటిని చెక్కిన మనిషి పేరు నాకు ఎక్కడా కనిపించలేదు. ఆ చెక్కను ఎన్ని రోజులు రుద్దితే అంత నున్నదనం వచ్చిందో, ఏ వైపు ఎంత తీయాలో ఏ గురువు దగ్గర నేర్చుకున్నారో, అంతా ఆ మనిషితోనే పోయింది.

ఆ బోర్డులనే 1920ల్లో టామ్ బ్లేక్ అనే అమెరికన్ మ్యూజియంలో చూసి, బాగుచేసి, అలాంటివే సొంతంగా చేయాలని కూర్చున్నాడు. బరువు తగ్గించడానికి చెక్కకు వందల రంధ్రాలు తొలిచి, పైన పలచటి చెక్కతో మూసేశాడు. లోపల డొల్లగా ఉండే బోర్డు ఆ దారిలో పుట్టింది, దానికి 1932లో పేటెంట్ వచ్చింది. 1935లో ఒక పాత మోటారు పడవ అడుగు నుంచి తీసిన లోహపు ముక్కను బోర్డు తోక కింద బిగించి, నీళ్ల మీద పక్కకు జారిపోకుండా నిలిపాడు. అదే మొదటి ఫిన్. ఇవన్నీ ఇవాళ మనకు ఇంత వివరంగా తెలుసంటే ఆయన చేసిన పనిని ఆయన పేరుతో రాసి పెట్టారు కాబట్టి.

సైమన్ ఆండర్సన్ సంగతి నాకు ఇంకా ఇష్టం. ఆస్ట్రేలియాలో షేపర్. అందరూ ఒక ఫిన్‌తోనో రెండు ఫిన్లతోనో కుస్తీ పడుతున్నప్పుడు 1980లో ఆయన ఒకే సైజు ఫిన్లు మూడు పెట్టి బోర్డు చేశాడు, 1981లో దాని మీదే బెల్స్ బీచ్ సర్ఫింగ్ పోటీ గెలిచాడు. పేటెంట్ తీసుకోలేదు. ఇవాళ ప్రపంచంలో ఎక్కువ బోర్డులకు ఉండేది ఆ మూడు ఫిన్ల అమరికే. ఆయనకు దాని మీద రావాల్సిన డబ్బు రాలేదు గానీ పేరు నిలిచింది, ఎందుకంటే ఈ పనిలో ఉన్నవాళ్లు ఒకరికొకరు ఆ పేరు చెప్పుకుంటూ వచ్చారు. పేరు చెప్పడానికి ఖర్చేమీ లేదండీ, ఫొటో కింద ఒక్క లైను చాలు.

బోర్డులు మాత్రమే కాదు, సముద్రపు బొమ్మల్లోనూ ఇదే కథ. జపాన్ చిత్రకారుడు హొకుసాయ్ గీసిన పెద్ద అల మీరూ చూసే ఉంటారు, పంజా విప్పినట్టున్న నురుగు, కింద మూడు పడవలు, దూరంగా చిన్నగా ఫుజి కొండ. సుమారు 1831 నాటిది, ఆయనకు అప్పటికి డెబ్బై దాటాయి. అది చెక్క దిమ్మలతో అచ్చు వేసిన బొమ్మ. ఆయన గీసి ఇచ్చిన కాగితాన్ని చెక్క మీద అంటించి, వెంట్రుకంత గీతలు తెగకుండా చుట్టూ చెక్కింది ఒకరు, రంగులు పూసి ఒక దిమ్మ తర్వాత ఒకటి సరిగ్గా అదే చోట పడేలా అచ్చు వేసింది ఇంకొకరు. బొమ్మ మీద హొకుసాయ్ సంతకం ఉంది. చెక్కినవారి పేరు లేదు, అచ్చు వేసినవారి పేరు లేదు. ఆ నురుగు వేళ్లను చూసినప్పుడల్లా నాకు ఆ చెక్కిన చెయ్యే గుర్తొస్తుంది, ఎందుకంటే చెక్కలో అంత సన్నటి వంపు తిప్పేటప్పుడు నరం అడ్డొస్తే ఉలి ఎలా జారుతుందో నా వేళ్లకు బాగా తెలుసు.

ఇంకొక్కటి చెప్పి ఈ పేర్ల గొడవ ఆపుతాను. 1842లో జాన్ హెర్షెల్ సైనోటైప్ అనే పద్ధతి కనిపెట్టాడు. ఇనుప లవణాలు పూసిన కాగితం మీద వస్తువు పెట్టి ఎండలో ఉంచి, నీళ్లలో కడిగితే, వస్తువు ఉన్న చోట తెలుపు, మిగతా అంతా ముదురు నీలం. ఆ మరుసటి ఏడాది నుంచే ఇంగ్లండ్‌లో ఆనా అట్కిన్స్ అనే ఆవిడ సముద్రపు నాచును ఒక్కో రెమ్మా ఇలా ముద్రలు తీసి పుస్తకంగా కూర్చడం మొదలుపెట్టింది, ఫొటోగ్రఫీ బొమ్మలతో వచ్చిన మొదటి పుస్తకం అదే అంటారు. పదేళ్లు చేసింది ఆ పని. హొకుసాయ్ అలలో ఉన్న ప్రష్యన్ నీలమూ, ఆవిడ కాగితం మీద కడిగితే తేలిన నీలమూ రసాయనం లెక్కన ఒకటే, నాకు ఇది తెలిసిన రోజు ఎంత సంతోషం వేసిందో చెప్పలేను. అయితే ఆవిడ ముందుమాట కింద తన పేరులోని మొదటి రెండు అక్షరాలు మాత్రమే వేసుకుంది, ఏ.ఏ. అని. కొన్ని దశాబ్దాల తర్వాత ఆ పుస్తకం దొరికిన ఒకాయన, ఆ అక్షరాలకు అర్థం ఇంగ్లిష్‌లో అనానిమస్ అమెచ్యూర్, అంటే అనామకురాలైన ఔత్సాహికురాలు అయి ఉంటుందనుకున్నాడు. పదేళ్లు ఎండనీ నీళ్లనీ నమ్ముకుని పని చేసిన మనిషి అలా ఊరూ పేరూ లేనిదై కూర్చుంది. మళ్లీ వెతికి పేరు పట్టుకునేదాకా అంతే.

ఇక ఒక్క మధ్యాహ్నంలో సముద్రం అన్న మాట. మొదటిసారి ప్రయత్నించేవాళ్లను ఉత్సాహపరచడానికి రాశారని అర్థమైంది, అలా ప్రయత్నించడం తప్పని నేను అనను, ఎవరైనా సరే చెయ్యి పెట్టి చూడాలి. కానీ రెసిన్ పోయడానికి మధ్యాహ్నం చాలు, చూడటానికి చాలదు. నేను మొదటి మూడేళ్లు వేసిన అలలన్నీ అబద్ధాలే. నురుగును అంచు పొడవునా తెల్లటి లేసులా ఒకే మందంలో వేసేదాన్ని, హెయిర్ డ్రయ్యర్‌తో ఊదితే బుడగలు విచ్చుకుని బాగా కనిపించేది, చూసినవాళ్లూ మెచ్చుకునేవారు. తర్వాత ఒక ఏడాది పూర్తిగా రెసిన్ ముట్టుకోకుండా నోటుబుక్కు పట్టుకుని ఒడ్డున కూర్చుని, అల వచ్చి పోయాక ఇసుక మీదా నీటి మీదా మిగిలే నురుగు గీతల్ని మాత్రమే గీశాను. అప్పుడు తెలిసింది, నురుగు చాపలా పరుచుకోదు. వెనక్కి పోయే నీళ్ల మీద ఉన్న నురుగులో చిల్లులు మొదట గుండ్రంగా ఉంటాయి. తర్వాతి అల లేచేటప్పుడు ఆ నీళ్లను తన ముఖం మీదికి లాక్కుంటుంది, అప్పుడు ఆ చిల్లులన్నీ పైకి సాగి, పొడుగ్గా, లాగిన వలలా అవుతాయి. అల ముఖం ఎంత నిటారుగా ఉందో ఆ సాగుడు చూసి చెప్పొచ్చు. రంగు కూడా అంతే. నీరు ఎరుపును మింగేస్తుంది కాబట్టి లోతున నీలం, కానీ విరగబోయే అల అంచు దగ్గర నీరు పలచబడి వెనక నుంచి వెలుతురు వస్తుంది, అక్కడ లేత ఆకుపచ్చ ఒక్క క్షణం వెలిగి ఆరిపోతుంది. అల ఎత్తుకు సుమారు 1.3 రెట్ల లోతులోకి వచ్చేసరికి అడుగు ఆగి పైభాగం ముందుకు పడుతుంది, ఆ పడబోయే ముందు క్షణమే ఆ ఆకుపచ్చ. దాన్ని రెసిన్‌లో పట్టుకోవడానికి ఎంత రంగు వెయ్యాలి అని అడుగుతారు నన్ను. వెయ్యకూడదు, తియ్యాలి. అక్కడ రంగు దాదాపు లేకుండా పలచగా పోసి కింద తెల్లటి పూత మెరవనివ్వాలి.

చేతి పలక గురించి కూడా మీ వ్యాసంలో ఒక్క ముక్క లేదు, నాకు అన్నిటికంటే దగ్గరి వస్తువు అది. బోర్డు లేకుండా ఒంటితోనే అల మీద జారేవాళ్లు ఒక చేతికి తగిలించుకునే చిన్న పలక, జానెడున్నర పొడవు, అరచేతి కంటే కాస్త వెడల్పు. దాన్ని చేయడానికి నేను పౌలోనియా చెక్క వాడతాను, చాలా తేలిక, ఉప్పు నీటిని తొందరగా పీల్చుకోదు. పాత అలాయా బోర్డుల్ని ఆస్ట్రేలియాలో టామ్ వెగెనర్ మళ్లీ చేయడం మొదలుపెట్టినప్పుడు వాడిన చెక్క కూడా ఇదే. అట్ట ముక్కను మధ్యకు మడిచి సగం ఆకారం కత్తిరిస్తే రెండు వైపులా ఒకేలా వస్తుంది, దాన్ని చెక్క మీద పెట్టి గీసుకుని రంపంతో కోస్తాను. ఆ తర్వాత చిత్రిక. చిత్రిక పట్టేటప్పుడు పైనున్న లైటు ఆర్పేసి, రెండు పక్కలా చెక్క ఎత్తులోనే లైట్లు పెట్టుకుంటాను, షేపర్ల గదులన్నీ అలాగే ఉంటాయి. పై నుంచి వెలుతురు పడితే అంతా నున్నగానే కనిపిస్తుంది, పక్క నుంచి పడితే గోరంత ఎత్తుపల్లం కూడా నీడై బయటపడుతుంది. అప్పుడు కళ్లు మూసుకుని రెండు బొటనవేళ్లతో రెండు అంచుల్నీ ఒకేసారి తడుముతాను. కంటికి దొరకని తేడా వేలికి దొరుకుతుంది. 80 నంబరు శాండ్‌పేపర్, తర్వాత 120, తర్వాత 220. అప్పుడు తడిగుడ్డతో ఒకసారి తుడిస్తే చెక్క నూగు పైకి లేస్తుంది, ఆరాక మళ్లీ రుద్దాలి, లేకపోతే మొదటిసారి నీళ్లలో దిగగానే గరుకెక్కుతుంది. ఆపైన అవిసె నూనె, ఒక్కో పూతా పూర్తిగా ఆరనిస్తూ మూడు నాలుగుసార్లు. (ఆ నూనె తుడిచిన గుడ్డల్ని ఉండచుట్టి మూల పడేయకండి, అది ఆరేటప్పుడు వేడి పుట్టి తనంతట తానే అంటుకుంటుంది. విప్పి ఆరుబయట పరచండి, లేదా నీళ్లలో ముంచి పెట్టండి. ఇది మీ పాఠకులకు తప్పక చెప్పాలి.)

నేను చేసిన మొదటి చేతి పలక చూడటానికి ముద్దొచ్చేది. అల మీదికి తీసుకెళ్తే ముక్కు నీళ్లలో గుచ్చుకుని నా భుజం పీకేసింది. ముక్కు పైకి లేచే వంపు, దాన్ని రాకర్ అంటారు, నేను సరిగ్గా ఇవ్వలేదు, అందంగా ఉందని బల్లపరుపుగా వదిలేశాను. మళ్లీ చిత్రిక పట్టి అడుగున ముక్కు దగ్గర అర సెంటీమీటరు తీసేశాను, అంతే, ఆ మరుసటి రోజు అదే పలక నీటి మీద పైకి తేలి నన్ను లాక్కుపోయింది. గోడకు ఆనించిన ఆ బోర్డును నేను అందమైన వస్తువుగా మాత్రమే చూడలేకపోతున్నది ఇందుకే. దాని అంచు ఒక చోట మెత్తగా, తోక దగ్గర పదునుగా ఉందంటే అక్కడ నీరు వదలాలని ఎవరో ఆలోచించి తిప్పారు, బహుశా ముందు ఒకటి రెండు పాడుచేసుకుని నేర్చుకున్నారు. ఫోమ్ వచ్చాక, అంటే 1958లో హోబీ ఆల్టర్, గోర్డన్ క్లార్క్ పాలీయురెథేన్ ఫోమ్ బోర్డుల్ని జనంలోకి తెచ్చాక పని తేలికైంది, ఇప్పుడు కంప్యూటర్ మిషన్లు చాలా భాగం కోసి ఇచ్చేస్తున్నాయి. అయినా ఆ మిషన్ వదిలే గీతల్ని తీసి చివరి రూపు తేవడం ఇప్పటికీ చేతి పనే.

ఇప్పుడు గ్లౌజుల సంగతి. ఇది మీరు వచ్చే వారమే వేయాలని కోరుతున్నాను. ఎపాక్సీ రెసిన్ అంటే రెండు సీసాలు, ఒకటి రెసిన్, ఒకటి దాన్ని గట్టిపరిచే హార్డెనర్. వాసన పెద్దగా ఉండదు, అందుకే ఏమీ కాదనుకుంటాం. నేనూ అలాగే అనుకున్నాను. నాలుగేళ్లు ఉత్త చేతులతో చేశాను, ఒక్కసారి కూడా ఏమీ కాలేదు. ఐదో ఏడు ఒక ఉదయం లేచేసరికి వేళ్ల సందుల్లో ఎర్రటి పొక్కులు, సాయంత్రానికి కనురెప్పలు వాచి కళ్లు తెరుచుకోలేదు. డాక్టరమ్మ చూసి చెప్పింది, దీనికి ఒంట్లో అలర్జీ నెమ్మదిగా తయారవుతుందట, నెలలు, ఏళ్లు ఏమీ కానట్టే ఉండి ఒక రోజు బయటపడుతుందట, ఒకసారి వచ్చాక ఇక పోదట. ఎనిమిది నెలలు పని మానేశాను. ఆ ఎనిమిది నెలలూ పడిన టెన్షన్ ఎవరికీ వద్దు, నాకు వచ్చిన పని ఇదొక్కటే. ఇప్పుడు చెక్క, నూనె, సైనోటైప్ పనులే ఎక్కువ చేస్తున్నాను, రెసిన్ పోయాల్సి వస్తే మణికట్టు దాటే నైట్రైల్ (ఒక రకం రబ్బరు) గ్లౌజులు, నిండు చేతుల చొక్కా, మాస్కు లేకుండా సీసా మూత తియ్యను.

మీ ఫొటో చూసి సరంజామా కొనడానికి బయల్దేరినవాళ్ల కోసం చెప్తున్నాను. చర్మానికి రెసిన్ అంటితే థిన్నరుతో, అసిటోన్‌తో కడగొద్దు, అది రెసిన్‌ను ఇంకా లోపలికి పంపిస్తుంది, సబ్బూ నీళ్లే వాడండి. గట్టిపడటం ఆలస్యమవుతోందని హార్డెనర్ ఎక్కువ పొయ్యొద్దు, సీసా మీద ఎంత పాళ్లు రాసి ఉంటే అంతే. ఎక్కువ రెసిన్‌ను ఒకే లోతైన కప్పులో కలిపి వదిలేస్తే లోపల వేడి పుట్టి కప్పు కరిగి పొగలు వస్తాయి, వెడల్పాటి పళ్లెంలోకి వంచేయాలి. పాలియెస్టర్ రెసిన్ వాడేవాళ్లయితే అందులో స్టైరీన్ ఆవిరి, దాన్ని గట్టిపరిచే ద్రవం ఒక్క చుక్క కంట్లో పడినా చూపుకే ప్రమాదం, కళ్లను పూర్తిగా కప్పే రక్షణ కళ్లద్దాలు లేకుండా కలపొద్దు. మామూలు గుడ్డ మాస్కు ఆవిరిని ఆపదు, ఆర్గానిక్ ఆవిర్ల కోసం చేసిన కార్ట్రిడ్జ్ మాస్కే కావాలి. రుద్దేటప్పుడు వచ్చే దుమ్ము ఇంకో సమస్య, సరిగ్గా గట్టిపడని రెసిన్ దుమ్ము చర్మం మీద పడితే మళ్లీ అదే అలర్జీ. పిల్లల్ని ఆ గదిలోకి రానివ్వొద్దు. మీ ఫొటోలో ఆ పాప ఎంత ముచ్చటగా తొంగి చూస్తోందో, నాకు మాత్రం దాని కనురెప్పలే కనిపించాయి.

గవ్వలు, పగడాలు పొదగడం గురించి కూడా ఒక్క మాట. ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఖాళీ గవ్వలు వేరు, బతికున్న నక్షత్ర చేపల్ని ఎండబెట్టి పొదగడం వేరు. రాతి పగడాల అంతర్జాతీయ వ్యాపారం మీద సైటిస్ అనే, అంతరించే ప్రమాదమున్న జీవుల వ్యాపారాన్ని కట్టడి చేసే అంతర్జాతీయ ఒప్పందం ఆంక్షలు ఉన్నాయి. సముద్రం మీద ప్రేమతో చేసే బొమ్మలో సముద్రపు జీవాన్ని చంపి పెట్టడం నాకు మింగుడుపడదు. పొదగడానికి పని చోటే ఎంతో ఇస్తుంది.

ఆ పని చోటు ఇచ్చేదాని గురించి చెప్పకుండా ఈ ఉత్తరం ముగించలేను. బోర్డులకు గ్లాసింగ్, అంటే గుడ్డ పరిచి రెసిన్ పోసే పని, చేసే గదిలో రెసిన్ పక్కలకు కారి, స్టాండ్ల మీదా నేల మీదా పడుతుంది. ఇవాళ నీలం బోర్డు, రేపు ఎర్రది, ఎల్లుండి రంగు లేనిది, పొర మీద పొర, ఏళ్ల తరబడి. అది రాయిలా గట్టిపడి, వేలెడు మందం అయ్యాక పగలగొట్టి తీస్తారు. దాన్ని ముక్కలు కోసి సాన పడితే లోపల చెట్టు వలయాల్లా, గుట్ట కోతలో మట్టి పొరల్లా రంగులు. దీన్ని సర్ఫైట్ అంటారు. నా దగ్గర ఒక లాకెట్ ఉంది, బొటనవేలి గోరంత. దానిలో ముప్పైకి పైగా పొరలు లెక్కపెట్టాను. ఒక్కో పొర ఒక్కో రోజు పోసిన బోర్డు. ఆ బోర్డులన్నీ ఎటెటో వెళ్లిపోయాయి, కొన్ని విరిగిపోయి ఉంటాయి, కొన్ని గోడలకు ఆనించి ఉంటాయి. ఆ రెసిన్ ఇచ్చిన గ్లాసింగ్ మనిషి ఒక పసుపు పొర చూపించి, ఇది ఫలానా ఏడాది వానలకు ఆగకుండా కారిన గదిలో పోసింది, అందుకే మసకబారింది, చూడు అన్నాడు. ముప్పై పొరల్లో ఆ ఒక్కటి ఆయన వేలు పెట్టి గుర్తుపట్టాడు.

నేను అడిగేది ఎక్కువేమీ కాదు. వచ్చే ఆదివారం గ్లౌజులు, మాస్కు గురించి ఒక చిన్న సవరణ వేయండి, ఆ వ్యాసం ఉన్న పేజీలోనే అయితే ఇంకా మంచిది. ఇలాంటి వస్తువు ఫొటో వేసిన ప్రతిసారీ చేసినవారి పేరు అడిగి వేయండి, చాలామంది చేసినవాళ్లు సిగ్గుపడి తమంతట తాము చెప్పరు, మీరే అడగాలి. ఆ తెల్ల గోడ ఫొటో తీసినవారికి ఒకసారి ఫోన్ చేసి, ఆ ఇంటివాళ్లను బోర్డు తిరగేసి చూడమనండి. తోక వైపు నుంచి మొదలుపెట్టి మధ్య గీత వెంట వెతకాలి. కనిపించకపోతే లైటు ఆర్పేసి, ఫోన్ టార్చిని పక్క నుంచి వాలుగా పట్టమనండి. పెన్సిలైనా, కాల్చిన ముద్రైనా తప్పకుండా బయటపడుతుంది. ఆ పేరేమిటో తెలిస్తే నాకూ చెప్పండి, ఆ తోక అంచు అంత పదునుగా ఎలా తిప్పారో అడగాలని ఉంది.

ఇట్లు,
చెక్కతోనూ నీలి ముద్రలతోనూ పని చేసే మీ పాఠకురాలు